కబడ్డీలో తలకి దెబ్బ తగిలితే: ఊరి పోటీలు పెట్టేవాళ్ళు చేయాల్సినవి

సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కబడ్డీ పోటీలు పెట్టేవాళ్ళు టాస్‌కి ముందే జట్లకి ఒక మాట చెప్పేయాలి. తలకి దెబ్బ తగిలి తేడాగా కనిపించిన కుర్రాడు ఆ రోజు మళ్ళీ ఆడడు, ఫైనలైనా సరే. స్కోరు సమంగా ఉన్నప్పుడు చెబితే ఎవరూ వినరు.

కంకషన్ అంటే పుర్రె లోపల మెదడు గట్టిగా కుదుపు తినడం. ఎక్కువమందికి స్పృహ తప్పదు, బొప్పి కూడా కట్టకపోవచ్చు. ఛాతీ మీద డాష్ (ఎదురొచ్చి ఒంటితో గుద్దడం) బలంగా తగిలి తల ఊగినా చాలు. అది మానకముందే రెండో దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, మెదడు వాచి ప్రాణం పోవచ్చు.

యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) పట్టేవాడి తలకి రైడర్ (కూతకి వచ్చినవాడు) మోకాలు తగలడం, చెయిన్ (చేతులు పట్టుకుని ఆపేవాళ్ళ వరుస) మూసుకునేటప్పుడు ఇద్దరి తలలు ఢీకొనడం, డాష్ తిన్న రైడర్ వెల్లకిలా పడటం: ఈ మూడింటి దగ్గర జాగ్రత్త కావాలి. పట్టుకి వెళ్ళేవాడి చూపు ముందుకే ఉండాలి, తల మోకాలికి ఎదురుగా కాకుండా పక్కకి ఉండాలి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించడం రోజూ సాధన చేయించండి. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాస్తుందేమో గాని లోపలి కుదుపుని ఆపదు.

కోసిన వరిమడిలో కోర్టు గీస్తుంటే పైపైన చదును చేస్తే సరిపోదు. దున్ని, మట్టిగడ్డలు చితక్కొట్టి, రాళ్ళూ దుబ్బులూ ఏరి, ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లండి. 13×10 మీటర్ల గీత బయట చుట్టూ 4 మీటర్ల దాకా గుంజలు, కుర్చీలు, బైకులు ఉండకూడదు. పిల్లల్ని వయసూ బరువూ చూసి కలపండి.

దెబ్బ తగిలితే ఆట ఆపండి. మెడ నొప్పి అన్నా, కాళ్ళుచేతులు తిమ్మిరి అన్నా, స్పృహ లేకపోయినా చంకల్లో చేతులేసి లేపకండి. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి. బాగానే ఉన్నాడనిపిస్తే అడగండి: "ఇది ఏ ఊరు? మొదటి సగమా, రెండోదా? ఆఖరి పాయింటు ఎవరిది?" తడబడినా, తూలినా, తలనొప్పి, వికారం అన్నా బయటే. అన్నీ సరిగ్గా చెప్పినా లక్షణాలు గంటల తర్వాత, మర్నాడు కూడా బయటపడొచ్చు. ఒంటరిగా వదలొద్దు, బైకు ఇవ్వొద్దు.

మళ్ళీ మళ్ళీ వాంతులు, మూర్ఛ, పెరుగుతున్న తలనొప్పి, రెండుగా కనిపించడం, లేపితే లేవకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ప్రమాద లక్షణాలు లేనివాడిని కూడా డాక్టరుకి చూపించండి. మొదటి 24-48 గంటలు నెమ్మదిగా ఉండాలి, ఫోను తగ్గించాలి, ఇంట్లో నడవొచ్చు, నిద్రపోవచ్చు. నొప్పికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు, రక్తస్రావం పెరగొచ్చు.

తర్వాత నడక, జాగింగ్, ఒంటరిగా ఫుట్‌వర్క్. ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. లక్షణాలు బాగా పెరిగితే ఆ రోజుకి ఆపి మర్నాడు చూడాలి. బడిలో చదువు మామూలుగా సాగి, లక్షణాలు పూర్తిగా పోయి, డాక్టరు ఒప్పుకున్నాకే పట్టుల సాధన, ఆ తర్వాతే మ్యాచ్. పిల్లలకి ఇందుకు 4 వారాలు పట్టినా కంగారు పడక్కర్లేదు. స్కాన్ కాగితం చూపించి "నార్మలే కదా, ఆడించండి" అంటే ఒప్పుకోకండి. సీటీ స్కాన్ రక్తస్రావం, పగుళ్ళు చూపిస్తుంది, కంకషన్‌ని చూపించదు.