‘సేకరణ’ అని రాసి వదిలేయకండి: మంచి కథనాన్ని నలుగురికీ పంపడం ఎలా

రామప్ప గుడి మీద మంచి కథనం ఒకటి మీ కంట పడిందనుకుందాం. చదివారు, నచ్చింది, నలుగురితో చదివించాలనిపించింది. అక్కడ మనలో చాలామంది చేసేది ఒకటే: లింకు కాపీ చేసి గ్రూపులో పడేసి, కింద ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకోవడం. ఆ లింకును ఎవరూ తెరవరు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, ఫోను తీస్తే అలాంటి లింకులు బోలెడు కనిపిస్తాయి, వాటిలో ఏది తెరిస్తే ఏం దొరుకుతుందో చెప్పేవాళ్ళే ఉండరు. పంపేవాళ్ళు చేయాల్సిన అసలు పని అదే.

కాబట్టి లింకు పైన రెండు మూడు వాక్యాలు మీ మాటల్లో రాయండి. “అద్భుతం, తప్పక చదవండి” అంటే ఏమీ చెప్పినట్టు కాదు. మీకు ఎక్కడ ఆసక్తి పుట్టిందో ఆ ముక్క చెప్పండి. ఉదాహరణకి ఇలా: “రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో వేస్తే తేలేంత తేలిక. పైకప్పు బరువు తగ్గించడానికే అలాంటివి వాడారట, ఎలా కట్టారో ఇందులో వివరంగా రాశారు. గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది.” అంతే, ఇది చదివినవాళ్ళకి తెరవాలో వద్దో వెంటనే తెలిసిపోతుంది, తెరవకపోయినా ఒక కొత్త సంగతి తెలుస్తుంది. ఊరు, జిల్లా రాయడం మాత్రం మరిచిపోవద్దు. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మనవాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు చూసి రావాలనుకుంటే వాళ్ళకి మొదట కావాల్సింది అదే.

హెడ్డింగును మాత్రం ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టకండి. ఇదే గుడి గురించి “శాస్త్రవేత్తలకే అంతుచిక్కని రహస్యం” అంటూ తిరిగే పోస్టులు ఎన్నో. అంతుచిక్కనిదేమీ లేదు అక్కడ. ఇటుకలో సన్నటి ఖాళీలు ఎక్కువగా ఉండి, అది నీటి కంటే తేలికైతే తేలుతుంది. ఆ సంగతి తెలిసి, కావాలని అలాంటి ఇటుక చేసి శిఖరానికి వాడారు చూడండి, గొప్పతనం అక్కడ ఉంది. రహస్యం అనేసరికి పనివాళ్ళ తెలివి కాస్తా మాయమంత్రం అయిపోతుంది. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

పంపే ముందు చూడాల్సినవాటిలో మొదటిది తేదీ. కథనంలో తేదీ లేకపోతే జిల్లా పేరు చూడండి, చాలాసార్లు అదే వయసు చెప్పేస్తుంది. పాలంపేట 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళింది, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. అలాగే లేపాక్షిని అనంతపురం జిల్లా అని రాసి ఉంటే అది 2022 ఏప్రిల్‌కి ముందు రాసిందో, పాతదాన్ని చూసి దించిందో అయ్యుంటుంది, ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. పాత కథనం పంపకూడదని కాదు. “ఇది పాతదే, కానీ బాగుంది” అని ఒక ముక్క రాస్తే చాలు. అది రాయకపోతే ఎప్పుడో అయిపోయిన ఉత్సవానికి జనం ఈ ఆదివారం బయల్దేరతారు.

రెండోది, గుర్తింపుల గోల. యునెస్కో అన్న మాట కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది నిజం, 2021 జులై 25న ప్రకటించారు, తెలంగాణకి అదే మొదటిది. లేపాక్షి వీరభద్రాలయం, నంది మాత్రం 2022లో తాత్కాలిక జాబితాలోకి వెళ్ళాయి. తిరుమల కొండలు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు 2025లో అదే తాత్కాలిక జాబితాలో చేరాయి. తాత్కాలిక జాబితా అంటే ఫలానా చోటికి హోదా అడగాలనుకుంటున్నామని మన దేశం ఇచ్చుకునే పేర్ల పట్టిక. దాని తర్వాత చాలా తతంగం ఉంటుంది. ఈ తేడా తెలియకుండా “లేపాక్షికి యునెస్కో పట్టం” అని పంపేస్తే, రేపు నిజంగా హోదా వచ్చిన రోజున “ఎప్పుడో వచ్చిందిగా” అంటారు. ఇక మన జాతీయ గీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమమని ప్రకటించిందన్న మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది. అలాంటి ప్రకటన ఏదీ చేయలేదని ఆ సంస్థే చెప్పింది. యునెస్కో సైట్‌లో రెండు జాబితాలూ విడివిడిగా ఉంటాయి, ఊరి పేరు కొట్టి చూసుకోవచ్చు.

సంవత్సరాల విషయంలో కూడా క్రియాపదం జాగ్రత్త. రామప్ప గుడి పని 1213లో మొదలైందనీ, సుమారు 40 ఏళ్ళు సాగిందనీ చెబుతారు. “1213లో పూర్తయింది” అని రాసేస్తే తప్పు మొదలైనట్టే, దాన్ని చూసి ఇంకొకరు రాస్తారు. కట్టించింది రేచర్ల రుద్రుడు, కాకతీయ గణపతిదేవుడి సేనాని. రామప్ప అనే శిల్పి పేరు మీద ఆ పేరు వచ్చిందన్నది జనం చెప్పుకుంటూ వస్తున్న మాట. జనం చెప్పుకునేదాన్ని “అంటారు” అని రాయండి, శాసనంలో ఉన్నదాన్ని “శాసనం చెబుతోంది” అని రాయండి. ఇంత చిన్న తేడాతో మీ పోస్టుకు ఎంత నమ్మకం వస్తుందో రాసి చూస్తే తెలుస్తుంది.

ఫొటోలకి గూగుల్ లెన్స్ ఉంది, వేలితో నొక్కితే ఆ బొమ్మ ఇంకా ఎక్కడెక్కడ వాడారో చూపిస్తుంది. పేపర్ కటింగ్ అయితే తేదీ, ఎడిషన్ కత్తిరించేసి ఉంటే నమ్మకండి, ఆ పత్రిక ఈ-పేపర్‌లో ఆ రోజు జిల్లా పేజీ తిరగేయండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చిందంటే అది ఇప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్, అందుకే దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. అనుమానం తీరకపోతే హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ అనే సైటు తెలుగులోనే నిజానిజాలు రాస్తుంది, అక్కడ వెతకండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్నది. మన తెలుగు గ్రూపుల్లో ఒక పాడు అలవాటు పాతుకుపోయింది. ఎవరో ఒకరు ఎండలో తిరిగి, ఊరి పెద్దల్ని అడిగి, శాసనాలు చదివి, రాత్రిళ్ళు కూర్చుని వ్యాసం రాస్తారు. దాన్ని మొత్తం కాపీ చేసి, రాసినవాళ్ళ పేరు తీసేసి, చివర ‘సేకరణ’ అని పెట్టి పంపేస్తారు. మర్నాటికి అదే వ్యాసం ఇంకో పదిచోట్ల తేలుతుంది, రాసిన మనిషికి తన వ్యాసమే ఎవరో “ఇది చదివారా?” అని పంపుతారు. తెలుగులో చరిత్ర, జానపద కళలు, తిండి, ఊళ్ళ పేర్ల గురించి శ్రద్ధగా రాసేవాళ్ళకి డబ్బు వచ్చేది చాలా తక్కువ. పేరొక్కటే మిగిలేది. దాన్ని కూడా తీసేస్తే వాళ్ళు ఎందుకు రాయాలి?

అందుకని పూర్తి వ్యాసం కాపీ చేయకండి. నచ్చిన ఒక పేరా పెట్టి, రాసినవాళ్ళ పేరు, పత్రిక లేదా సైటు పేరు రాసి, లింకు ఇవ్వండి. ఫొటో తీసినవాళ్ళ పేరు కనిపిస్తే అదీ రాయండి, మూల మీద ఉన్న వాటర్‌మార్క్ కత్తిరించొద్దు. మీ దాకా పేరు లేకుండా వస్తే ఆ వ్యాసంలో మధ్యనుంచి ఒక వాక్యం తీసి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి, చాలాసార్లు అసలు చోటు దొరుకుతుంది. దొరక్కపోతే “ఎవరు రాశారో తెలియలేదు, తెలిసినవాళ్ళు చెప్పండి” అని రాయండి. ఎవరో ఒకరు చెబుతారు కూడా. కళాకారుల విషయంలోనూ ఇంతే. “తోలుబొమ్మలాట తాత” అని రాయడం కన్నా “నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారు, 2020లో పద్మశ్రీ వచ్చింది” అని రాస్తే ఆ మనిషికీ ఆ ఊరికీ మర్యాద.

కామెంట్ల సంగతికొస్తే, “సూపర్”, “నైస్ పోస్ట్” లాంటివి పెట్టినా పెట్టకపోయినా ఒకటే, దానికి లైక్ బటన్ ఉంది. మీ దగ్గర ఆ కథనంలో లేని ముక్క ఏదైనా ఉంటే అది రాయండి. ఒగ్గు కథ మీద వ్యాసం వస్తే మీ ఊళ్ళో ఏ పండక్కి చెప్పించేవాళ్ళో, ఎన్ని గంటలు సాగేదో రాయండి. అలాంటివి ఏ పుస్తకంలోనూ ఉండవు, ఊరి పేరుతో సహా మీరు రాస్తేనే ఉంటాయి. ఏమీ లేకపోతే ఒక ప్రశ్న అడగండి. వ్యాసం పూర్తిగా చదివాకే అడగండి, నాలుగో పేరాలో జవాబున్న ప్రశ్న అడిగితే రాసినవాళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది.

యాస మీద, కులం మీద, ఆంధ్రా తెలంగాణ మీద గొడవ లాగేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. బతుకమ్మ మీద పోస్టు కింద మా అట్లతద్దే గొప్ప అని మొదలుపెట్టేవాళ్ళకి జవాబివ్వకండి. కింద వందమంది తిట్టుకుంటే పైన ఉన్న మంచి వ్యాసాన్ని ఎవరూ చదవరు. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళం మాటలోనే కామెంట్ రాస్తే దాన్ని దిద్దడానికి మాత్రం బయల్దేరొద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళు తప్పు మెసేజ్ పంపినప్పుడు గ్రూపులో అందరి ముందూ “ఫేక్” అనేయకండి. విడిగా మెసేజ్ పెట్టండి: “బాబాయ్, మీరు పంపిన లేపాక్షి వార్త చూశాను. అది ఇంకా తాత్కాలిక జాబితాలోనే ఉందట, ఈ లింకులో ఉంది చూడండి. గ్రూపులో మీరే ఒక మాట చెబితే బాగుంటుంది.” సవరణ ఆయన చేతే చేయిస్తే ఆయన మర్యాద నిలుస్తుంది, తర్వాతసారి పంపే ముందు మిమ్మల్నే అడుగుతారు. ఫలానా మందు తాగితే షుగర్ పోతుంది లాంటివి మాత్రం ఆగకూడదు, అక్కడికక్కడే మర్యాదగా చెప్పేయాలి, ఎవరైనా మాత్రలు మానేస్తే ప్రమాదం.

మీరు పంపినదే తప్పని తెలిస్తే, వాట్సాప్‌లో పదిహేను నిమిషాల లోపైతే ఎడిట్ చేయొచ్చు, రెండు రోజుల దాకా అందరికీ కనబడకుండా తీసేయొచ్చు. తీసేయడం కంటే దానికే రిప్లై పెట్టి సరైనది రాయడం మంచిది, ఎందుకంటే అప్పటికే చదివి వేరేచోటికి పంపినవాళ్ళు ఉంటారు, తీసేస్తే వాళ్ళకి సంగతి తెలియదు. ఫేస్‌బుక్‌లోనైతే పోస్టు పైనే “సవరణ” అని రాసి, ఏం మారిందో ఒక వాక్యం పెట్టి, తప్పు చూపించిన వాళ్ళ పేరు కూడా రాయండి.