గుర్రం కుంటుతోందా? ముందు గిట్ట చూడండి: లక్షణం, కారణం, పరిష్కారం

పాలమూరు, నల్లగొండ వైపు ఇప్పుడు గుర్రాలంటే ఎక్కువగా పెళ్లి బరాత్‌లవే. పగలంతా కొట్టంలో కట్టేసి ఉంటాయి. రాత్రయితే సీసీ రోడ్డు మీద, డీజే ముందు గంటల తరబడి కాళ్లు ఎత్తి కొడుతూ నిలబడతాయి. అట్లాంటి గుర్రం కుంటితే భుజం పట్టేసిందని నూనె మర్దన మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. కుంటుకు కారణం చాలాసార్లు గిట్టలోనే ఉంటుంది కాబట్టి వెతకడం కింది నుంచి మొదలుపెట్టాలి.

ఏ కాలు, ఎక్కడ?

గట్టి, చదునైన నేల మీద తాడు వదులుగా పట్టుకుని గుర్రాన్ని చిన్న పరుగులో నడిపించండి. నొప్పి ఉన్న ముందు కాలు నేలకు ఆనగానే తల పైకి ఎత్తుతుంది, బాగున్న కాలు ఆనినప్పుడు దించుతుంది. వెనక కాలైతే తలను కాదు, వెనక నిలబడి తుంటిని చూడాలి. నొప్పి వైపు తుంటి ఎక్కువగా ఎగిరిపడుతుంది.

తర్వాత గుర్రాన్ని కాసేపు నీడలో నిలబెట్టి, నాలుగు గిట్టలనూ అరచేతి వెనకవైపుతో తాకి పోల్చండి. గిట్ట పైన ఉండే మొదటి కీలు వెనక, రెండు పక్కలా రెండు వేళ్లు ఆనించి నాడి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కాలికి ఆ నాడి వెతికితే గానీ దొరకదు. వేళ్ల కింద టకటకా కొడుతోందంటే గిట్ట లోపల వాపు ఉన్నట్టే. రెండు నిమిషాల పని ఇది, రోజూ చేస్తే మామూలు ఎట్లా ఉంటుందో చేతికి తెలుస్తుంది.

ఇక గిట్ట ఎత్తి, కొక్కెంతో మడమ నుంచి ముందుకు గీరాలి. మధ్యలో ఉన్న ముక్కోణపు మెత్త భాగాన్ని పొడవొద్దు. దాని రెండు పక్కల ఉండే గాళ్లలోనే పేడ, మొరం ఇరుక్కుంటాయి. గీరాక బ్రష్‌తో తుడిచి, చిన్న సుత్తితో అరికాలు అంచు చుట్టూ మెల్లగా తట్టండి. కాలు లాక్కున్న చోటే నొప్పి.

గాళ్లలో నల్లటి జిగురు, కుళ్లు వాసన

కారణం తడి. షాబాద్ బండలు పరిచిన కొట్టాల్లో మూత్రం బండల సందుల్లో నిలుస్తుంది. పైకి పొడిగా కనిపించినా గుర్రం రాత్రంతా నిలబడేది ఆ తడి మీదే. గాలి తగలని గాళ్లలో పెరిగే సూక్ష్మక్రిములు మెత్తను కుళ్లబెడతాయి.

వేలాడుతున్న కుళ్లు ముక్కలను డాక్టరుతోనో, నాడాలు (లాడాలు) కొట్టే అనుభవమున్న నాల్‌బంద్‌తోనో కోయించండి. కడిగి పూర్తిగా ఆరబెట్టి, పావిడోన్ అయోడిన్ గానీ, లీటరు నీటికి 50 గ్రాముల మైలుతుత్తం కలిపిన ద్రావణం గానీ దూదికి తడిపి గాళ్లలో దూర్చండి. రోజూ దూది మార్చాలి, వారం పది రోజులు పడుతుంది. మైలుతుత్తం పొడిని నేరుగా పచ్చి పుండు మీద చల్లితే మాంసం కాలుతుంది. కిరోసిన్, ఫినైల్ పోయడం అంతకంటే చెడ్డ పని. కొట్టం ఆరకుండా మందు ఒక్కటే పనిచేయదు.

రాత్రి బాగుంది, తెల్లారేసరికి కాలు కింద పెట్టడం లేదు

ఒక్క గిట్టే వేడిగా ఉండి, దాని నాడి కొడుతుంటే లోపల చీము పట్టి ఉండొచ్చు. ఎండాకాలం బీటలు వారిన గిట్ట జూన్ వానలకు నాని మెత్తబడుతుంది, మళ్లీ ఎండుతుంది. ఈ నానడం, ఎండడంలో గిట్ట చుట్టూ ఉండే గట్టి గోడకూ అరికాలుకూ మధ్య ఉండే తెల్లగీత తెరుచుకుంటుంది, మొరం రవ్వ అందులోంచి లోపలికి ఎక్కుతుంది. గట్టి గిట్టలో చీముకు వ్యాపించే చోటు లేదు కాబట్టే ఎముక విరిగినంత నొప్పి.

చీము దారిని డాక్టరే తెరవాలి. తర్వాత ఐదు లీటర్ల గోరువెచ్చటి నీటిలో అర కిలో దాకా ఎప్సమ్ ఉప్పు కరిగించి, రోజుకు రెండుసార్లు 15-20 నిమిషాలు గిట్టను ముంచి ఉంచండి. ఆరాక చిన్నపిల్లల డైపర్ చుట్టి, పైన గట్టి టేపు వేస్తే మురికి చేరదు. చీము పోయేలోపు నొప్పి సూది వేయించి బరాత్‌కు తోలుకుపోతే, అది పైకి పాకి వెంట్రుకల అంచు దగ్గర పగులుతుంది.

గిట్టలో ఇనుప మొల కనిపిస్తే డాక్టరు వచ్చేదాకా పీకొద్దు. గుర్రం దాని మీద బరువు వేయకుండా గిట్ట చుట్టూ మెత్త కట్టండి. మొల ఎంత లోతు, ఎటు దిగిందో చూస్తేనే లోపలి ఎముక, కీలు తప్పించుకున్నాయో లేదో తెలుస్తుంది. డాక్టరు రావడం ఆలస్యమయ్యేట్టుంటే పీకక తప్పదు. పీకేముందు ఫోటో తీయండి, రంధ్రం దగ్గర గుర్తు పెట్టండి, మొల దాచండి. ధనుర్వాతం టీకా మరవొద్దు, ఆ జబ్బుకు గుర్రం చాలా తేలిగ్గా లొంగుతుంది. సంచార పశువైద్య వాహనానికి ఫోన్ నంబరు 1962.

నాడా కొట్టించిన ఒకట్రెండు రోజుల్లో కుంటు

మొల తెల్లగీత దాటి లోపలికి పోయింది, లేదా దానికి ఆనుకుని నొక్కుతోంది. ప్రతి మొల తల మీద తట్టి, కాలు లాక్కున్న మొలను పీకించండి. తడిగా గానీ రక్తంతో గానీ వస్తే ఆ రంధ్రంలో అయోడిన్ పోసి, మళ్లీ అక్కడ మొల కొట్టించొద్దు. ఊళ్లలో మిగిలిన నాల్‌బందుల్లో చాలామంది చేయి ఎద్దులకు అలవాటు పడింది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, దాని లెక్క వేరు. గుర్రానికి మొల తెల్లగీత బయటి నుంచే మొదలై, నాడా పైన సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తున గోడలోంచి బయటికి రావాలి. గిట్ట అన్నిటికంటే వెడల్పుగా ఉండే చోటు దాటి వెనక్కి మొలలు కొడితే మడమ విచ్చుకోలేదు.

ముందు కాళ్లు రెండూ చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతోంది

వీటన్నిటిలో ప్రమాదం ఇదే. తిప్పబోతే కదలదు, ముందు గిట్టలు రెండూ వేడి, రెండింటి నాడీ కొడుతుంది. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచాయి. ఆ పట్టు వదిలితే ఎముక తిరిగి అరికాలులోకి దిగుతుంది. దాణా ఎక్కువైతే, ఈనాక మాయ పడకపోతే, గట్టి రోడ్డు మీద ఎక్కువసేపు దూకిస్తే వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో బలానికని మక్కలు, బెల్లం ఒక్కసారిగా పెంచడం మా లెక్కలో పెద్ద తప్పు.

గింజల బస్తా మీద పడి తిన్న గుర్రానికి కుంటు ఒకట్రెండు రోజుల తర్వాత గానీ కనిపించదు. కాబట్టి తిన్నదని తెలిసిన గంటలోనే డాక్టరుకు ఫోన్ చేసి, నాలుగు కాళ్లకూ ఐసు నీళ్లు మొదలుపెట్టండి. గిట్టా, ఆ పైన మోకాలి కిందిదాకా మునగాలి. మొదటి రెండు మూడు రోజులు ఎడతెగకుండా ఐసు వేస్తూనే ఉండాలి. గింజలు పూర్తిగా ఆపి ఎండుగడ్డి, నీళ్లు మాత్రమే ఇవ్వండి. కాళ్ల కింద జానెడు మందాన ఇసుక పోయండి. "నడిపిస్తే రక్తం ఆడుతుంది" అని ఎవరు చెప్పినా నడిపించొద్దు. స్టెరాయిడ్ సూది వేయించొద్దు. ఎముక ఎంత తిరిగిందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

గోడ మీద నిలువు పగుళ్లు

కింది అంచు నుంచి పైకి పోతుంటే గిట్ట పెరిగి చీలినట్టు. నెలకు 6-10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. పగులు కింద కొంచెం గోడ తగ్గించి అక్కడ నేల తగలకుండా చేస్తే పైకి పాకడం ఆగుతుంది. కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే నల్లగా మెరుస్తుంది, అంతకుమించి లాభం లేదు. నునుపు కోసం బయటి గోడంతా ఆకురాయితో రుద్దనివ్వకండి, తేమను పట్టి ఉంచే పైపొర అదే. పగులు వెంట్రుకల అంచు నుంచి కిందికి దిగుతున్నా, రక్తం కనిపించినా డాక్టరు పని.

నడుస్తుంటే నాడా టకటక

వంచిన మొల కొనలు లేచి ఉంటాయి. ఆ రాత్రికి బుకింగ్ ఉన్నా సరే, కొనలు నిటారు చేసి, మొలలు ఒక్కొక్కటే పీకి నాడా తీసేయండి. సగం ఊడిన నాడా మీద పక్క కాలు పడితే గోడ ముక్కతో సహా చీలిపోతుంది, కొత్త నాడాకు మొల దిగే చోటే మిగలదు.