పై అంతస్తు వేసి అద్దెకు ఇవ్వాలనుకుంటే

ఉప్పల్‌లోని మా ఇంటి మీద అంతస్తు వేసే ముందు మావారు కాగితం మీద లెక్క వేశారు. రెండు పోర్షన్లు, ఒకదానికి 11 వేలు, ఇంకోదానికి 9 వేలు. ఏడాదికి 2 లక్షల 40 వేలు. నేను ఆ కాగితం తీసుకుని 12 నెలలు కొట్టేసి 10 అని రాశాను. ఒకరు ఖాళీ చేశాక రంగులకు కొన్ని రోజులు పడుతుంది. ఆషాఢం, పుష్యం వస్తే టు-లెట్ బోర్డు చూసి అడిగేవాళ్లుంటారు గానీ, సామాను దింపేవాళ్లుండరు. మీరూ పది నెలలే లెక్క వేసుకోండి.

మాకైన ఖర్చు 22 లక్షలు. అందులో 15 లక్షలు బ్యాంకు అప్పు. 8.5 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు, నెల వాయిదా 14,771 రూపాయలు. ఏడాదికి 1,77,252. పది నెలల అద్దె 2 లక్షల్లోంచి అది పోతే మిగిలేది 22,748. ఆస్తి పన్ను, మోటారు రిపేరు, సంపు కడిగించడం అన్నీ అందులోనే. బ్యాంకులో 20 లక్షలైనా ఇస్తామన్నారు. అప్పుడు వాయిదా 19,695. ఏడాది అద్దె మొత్తం పోసినా ఇంకా 36 వేలు నా పింఛనులోంచి తీయాలి. వద్దన్నాను.

మునిసిపల్ అనుమతి ఉన్న ప్లాను లేకుండా మాత్రం బ్యాంకు గడప ఎక్కకండి. డబ్బు ఒకేసారి ఇవ్వరు. స్లాబు పడ్డాక కొంత, గోడలు లేచాక కొంత. మేస్త్రీకి వారం వారం ఇవ్వాల్సిన కూలి మన చేతిలో ఉండాలి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినా వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. అందుకే చేతిలో ఏ పాతిక వేలు మిగిలినా అసలులో వేస్తాను.

పన్ను గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. మా లెక్కే చూడండి. వచ్చిన అద్దె 2 లక్షలు, కట్టిన ఆస్తి పన్ను 6 వేలు తీసేస్తే 1,94,000. అందులో 30 శాతం, అంటే 58,200, మరమ్మతుల బిల్లులేవీ చూపకుండానే తగ్గుతుంది. మొదటి ఏడాది వడ్డీ సుమారు లక్షా పాతిక వేలు కూడా తీసేస్తే, పన్ను లెక్కకు వచ్చేది పది వేల చిల్లర. కొత్త పన్ను విధానంలోనూ అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని ఆ అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. నష్టం తేలితే మాత్రం దాన్ని జీతంలోంచి తీసేయడం కుదరదు.

అడ్వాన్సు దగ్గర నేనే తప్పు చేశాను. మొదట దిగినవాళ్లు ఇచ్చిన 22 వేలు వంటింటి గ్రానైట్‌కు పెట్టేశాను. ఎనిమిది నెలలకే ఆ అబ్బాయికి బదిలీ అయింది. "ఆంటీ, రేపు లారీ వస్తోంది, అడ్వాన్సు..." అని గుమ్మంలో నిలబడ్డాడు. చెల్లెలికి ఫోను చేసి అప్పు అడగాల్సి వచ్చింది. ఇప్పుడు అడ్వాన్సులకు వేరే ఖాతా ఉంది. దాని ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు.

ఒప్పందం 11 నెలలకు రాసుకుంటాం, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అందులో రంగుల ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాయండి. రెండేళ్లు ఉండి వెళ్లేవాళ్ల దగ్గర నెల అద్దె కోసుకోవడం నాకు నచ్చదు. గోడకు మేకులు దిగగొడితే మాత్రం అడుగుతాను.

ప్రతి పోర్షన్‌కూ వేరే కరెంటు మీటరు పెట్టించండి. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వచ్చాక, 200 యూనిట్లలోపు వాడే తెల్లకార్డు వాళ్లు అద్దె కంటే ముందు మీటరు సంగతే అడుగుతున్నారు. మోటారుకూ మెట్ల దీపానికీ ఇంకో మీటరు ఉండాలి, దాని బిల్లు నేనే కడతాను. నెలకు మూడు నాలుగు వందల కోసం ఎవరు ఎన్ని బకెట్లు తోడారో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు.

ఖాళీ చేసే రోజు నేను మొదట చూసేది గదులు కాదు. పై స్నానాలగదిలో కుళాయి అరగంట వదిలి, కిందికొచ్చి మా పూజగది గోడ మీద అరచేయి ఆనిస్తాను. చల్లగా తగిలిందంటే టు-లెట్ బోర్డు కంటే ముందు ప్లంబరు రావాలి.