సెన్సర్ పోయిందా, కంట్రోలర్ పోయిందా? చిన్న రెసిస్టర్‌తో తేలిపోతుంది

కోల్డ్ స్టోరేజీలోనో ఓవెన్‌లోనో టెంపరేచర్ పిచ్చిపిచ్చిగా చూపిస్తే చాలామంది ముందు పీటీ-100 సెన్సర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారేది, 0 డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు ఉండేది) మార్చేస్తారు. తొందరపడకండి. కరెంటు ఆపి, కంట్రోలర్ వెనక సెన్సర్ వైర్లు మూడూ విప్పండి. ఒకే రంగు వైర్లు రెండున్న టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో కలపండి. వాటికీ మూడో టెర్మినల్‌కీ మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ బిగించి ఆన్ చేయండి. 0 డిగ్రీల దగ్గర చూపిస్తే కంట్రోలర్ బాగున్నట్టే. తప్పు సెన్సర్‌ది, లేదా కేబుల్‌ది. జాయింట్‌లో చెమ్మ చేరడం మామూలే, ముందు అక్కడ చూడండి.

రెసిస్టర్ మాత్రం 1 శాతం టాలరెన్స్ (విలువలో ఉండగల తేడా) ఉన్న మెటల్ ఫిల్మ్‌దే తీసుకోండి. దాంతోనే 2.6 డిగ్రీల దాకా తేడా రావచ్చు, 5 శాతం దాంతో అయితే 13. కంట్రోలర్ ఇన్‌పుట్ థర్మోకపుల్ (వేరే రకం టెంపరేచర్ సెన్సర్) మీద సెట్ అయి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు.