కాల్పులు జరుగుతున్న చోటికి పోలీసులు ఎలా వస్తారు? వారు వచ్చేలోపు, వచ్చాక మనం ఎలా మెలగాలి?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న, చదువుకుంటున్న తెలుగువారికి ఆఫీసులోనో కాలేజీలోనో ఎప్పుడో ఒకసారి, ఎవరైనా కాల్పులకు దిగితే ఏం చేయాలో నేర్పే డ్రిల్లు ఎదురవుతుంది. వీడియో చూసి, కాగితం మీద సంతకం పెట్టి, ఎవరి పనికి వాళ్లం వెళ్లిపోతాం. మనం ఏం చేయాలో ఆ వీడియో చెబుతుంది గాని, అదే సమయంలో పోలీసులు, భవనంలోని సెక్యూరిటీ గార్డులు ఏ వరుసలో ఏ పని చేస్తారో సాధారణంగా చెప్పదు. అది తెలియనివారికి, సాయానికి వచ్చిన పోలీసే తమను దాటుకుని ఎందుకు వెళ్లిపోతున్నాడో అర్థం కాదు. అర్థం కాక అతని చెయ్యి పట్టుకుంటారు, అడ్డం పడతారు. అందుకే ఇక్కడ మన పనిని, వారి పనిని పక్కపక్కన పెట్టి వివరిస్తున్నాను.

ముందు సమయం సంగతి తెలుసుకోవాలి. 2000 నుంచి 2013 వరకు అమెరికాలో జరిగిన 160 కాల్పుల ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలించింది. ఎంతసేపు సాగిందో నిర్ధారణగా తెలిసినవి వాటిలో 63 మాత్రమే. ఆ 63లో 44 ఘటనలు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి, వాటిలోనూ 23 రెండు నిమిషాలు దాటలేదు. అంటే పోలీసు కారు ఎంత వేగంగా వచ్చినా, మొదటి కొన్ని నిమిషాలు లోపల ఉన్నవారివే.

మొదటి అడుగు: బయటపడటం

టపాకాయల్లాంటి చప్పుడు వినిపిస్తే, అది ఏమిటో తేల్చుకునే దాకా ఆగకండి. చప్పుడు వచ్చిన దిక్కుకు ఎదురు దిక్కున బయటికి దారి ఉంటే వెంటనే వెళ్లిపోండి. బ్యాగు, ల్యాప్‌టాప్ వదిలేయండి, రానంటున్నవారి కోసం బతిమాలుతూ నిలబడకండి. మనం లోపలికి వచ్చిన తలుపు వైపే పరుగెత్తడం మనుషులకు అలవాటు. కాబట్టి మాల్‌కో సినిమా హాలుకో వెళ్లినప్పుడు రెండో దారి ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోవాలి. దుకాణాల్లో వెనక వైపు సరుకు దించుకునే గది ఉంటుంది, అక్కడి నుంచి దాదాపు ఎప్పుడూ బయటికి ఒక తలుపు ఉంటుంది.

బయటపడే వీలు లేకపోతే గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలి. తాళం ఉంటే తాళం వేయాలి, లేకపోతే బల్ల, బీరువా అడ్డం పెట్టాలి. లైట్లు ఆర్పి, ఫోను వైబ్రేషన్ కూడా లేకుండా పూర్తిగా నిశ్శబ్దంలో పెట్టి, తలుపుకున్న అద్దంలోంచి కనిపించని మూలన కూర్చోవాలి. తుపాకి పట్టుకున్నవాడు తాళం పడిన తలుపు దగ్గర సాధారణంగా ఎక్కువసేపు ఆగడు, తెరిచి ఉన్న గదిని వెతుక్కుంటూ ముందుకు పోతాడు. ఒకసారి తలుపు వేసుకున్నాక ఫైర్ అలారం మోగిందని బయటికి రావద్దు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్లో కాల్పుల వల్ల లేచిన దుమ్ముకు అలారం మోగింది. అది మామూలు అగ్నిప్రమాదపు డ్రిల్లు అనుకుని కొందరు వరండాల్లోకి వచ్చారు. నిజంగా పొగ, మంట కంటికి కనిపిస్తే తప్ప గది వదలకూడదు.

ఎదురు తిరగడం చివరి మార్గం, వాడు మీ గదిలోకే వచ్చేసినప్పుడు. అప్పుడు ఒక్కరు కాకుండా అందరూ ఒకేసారి, చేతికందిన కుర్చీతోనో, గోడకున్న అగ్నిమాపక సిలిండర్‌తోనో మీద పడాలి. ఇది సినిమా సాహసం అనిపించవచ్చు గాని, పైన చెప్పిన 160 ఘటనల్లో 21 ఘటనలు ఆయుధం లేని మామూలు మనుషులు పట్టుకోవడం వల్లే ఆగాయి.

911కు ఏం చెప్పాలి?

ముందు స్థలం చెప్పండి. మాట మధ్యలో తెగిపోయినా చిరునామా చేరి ఉంటే పోలీసులు బయలుదేరతారు. తర్వాత ఎంతమంది కాలుస్తున్నారు, ఏ రంగు బట్టలు, పొడవాటి తుపాకా చిన్నదా, చివరిసారి ఎటు వెళ్తూ కనిపించాడు అన్నవి చెప్పండి. ‘‘ఎవరో చెప్పారు’’ అన్నదాన్ని ‘‘నేను చూశాను’’ అన్నట్టు చెప్పకండి, ఒక్క పుకారు చాలు, పోలీసు బృందం భవనం రెండో కొసకు వెళ్లిపోవడానికి. మాట్లాడే వీలు లేకపోతే ఫోను కలిపి పక్కన పెట్టి, అవతలివారిని విననివ్వండి. అమెరికాలో చాలా ప్రాంతాల్లో 911కు మెసేజ్ కూడా పంపవచ్చు. మీ ప్రాంతంలో ఆ సౌకర్యం ఉందో లేదో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

సెక్యూరిటీ గార్డు పని

ఆఫీసు గుమ్మం దగ్గర బ్యాడ్జి చూసి లోపలికి పంపే గార్డు దగ్గర చాలా చోట్ల తుపాకి ఉండదు. దుండగుడితో తలపడటం అతని ఉద్యోగం కాదు, కాబట్టి అతని వెనక దాక్కోవడం మనకు రక్షణ కాదు. అతని చేతిలో ఉన్న అసలు బలం మైకు, తాళాలు, కెమెరాలు. శిక్షణ పొందిన గార్డు రంగుల పేర్లతో ఉండే సంకేత మాటలు వాడడు. ఎక్కడ కాల్పులు జరుగుతున్నాయి, ఎటు పోవాలి అన్నది అందరికీ అర్థమయ్యే మాటల్లో ప్రకటిస్తాడు. 2008 నవంబరు 26న ముంబై ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో కాల్పులు మొదలైనప్పుడు ఒక రైల్వే అనౌన్సర్ తన గదిలోనే ఉండి, ఏ వైపు నుంచి బయటపడాలో మైకులో పదేపదే చెప్పి ఎంతోమందిని కాపాడాడు. గార్డు చేయగల పనుల్లో ఇంతకంటే పెద్దది లేదు.

ఆ తర్వాత అతను కెమెరాల్లో చూస్తూ దుండగుడు ఎక్కడున్నాడో 911కు చెబుతూ ఉంటాడు. బయటి నుంచి లోపలికి ఎవరూ రాకుండా చూస్తాడు. మాస్టర్ తాళంచెవి, యాక్సెస్ కార్డు, అంతస్తుల నక్షా పట్టుకుని పోలీసుల కోసం సిద్ధంగా ఉండవలసినదీ అతనే. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, తాళం తెరుచుకోని ఒక్క తలుపు దగ్గర పోయే నిమిషాలు ప్రాణాలతో సమానం.

తుపాకి ఉన్న గార్డులకు మరో ప్రమాదం ఉంది. 2022 మే 14న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో సూపర్ మార్కెట్లో గార్డుగా ఉన్న రిటైర్డ్ పోలీసు అధికారి దుండగుడిపై కాల్చారు, కానీ వాడు కవచం తొడుక్కుని ఉండటంతో తూటా పనిచేయలేదు. ఆ గార్డుతో కలిపి పది మంది చనిపోయారు. 2018 నవంబరులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాబిన్స్‌లో ఒక బార్ గార్డు కాల్పులు జరిపిన వ్యక్తిని నేలకు అదిమిపెట్టి ఉండగా, అప్పుడే వచ్చిన పోలీసు ఆ గార్డునే కాల్చి చంపాడు. లోపలికి వచ్చే పోలీసుకు ఎవరు ఎవరో తెలియదు. అతనికి ముందుగా కనిపించేది చేతిలోని తుపాకి. కాబట్టి పోలీసులు వస్తున్నారని తెలియగానే గార్డు గాని, లైసెన్సుతో తుపాకి పెట్టుకున్న మామూలు మనిషి గాని ఆయుధాన్ని ఒరలో పెట్టాలి లేదా కింద పెట్టి చేతులు చూపాలి.

పోలీసులు లోపలికి వచ్చే పద్ధతి

1999 ఏప్రిల్ 20 వరకు పద్ధతి వేరు. మొదట వచ్చిన పోలీసులు భవనాన్ని చుట్టుముట్టి, ప్రత్యేక శిక్షణ పొందిన స్వాట్ బృందం కోసం ఎదురుచూసేవారు. ఆ రోజు కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో అదే జరిగింది. 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు చనిపోయారు. ఆ ఉపాధ్యాయుడు గంటల తరబడి రక్తం కారుతూ, వైద్యం అందకుండానే కన్నుమూశారు. అప్పటి నుంచి నేర్పేది ఒక్కటే: ఎదురుచూడకుండా, చప్పుడు వస్తున్న వైపే వెళ్లాలి. మొదట్లో నలుగురు చేరాక వెళ్లమనేవారు, ఇప్పుడు చాలా చోట్ల ఒక్కరే ఉన్నా వెళ్లమంటున్నారు. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీలో 2002లో మొదలైన శిక్షణ కేంద్రం ఈ పద్ధతినే వేలాది పోలీసులకు నేర్పింది.

నేర్పినంత మాత్రాన చేస్తారన్న హామీ లేదు. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీ ప్రాథమిక పాఠశాలకు వేర్వేరు విభాగాల నుంచి 376 మంది సాయుధులు చేరుకున్నారు. అయినా దుండగుడు లోపలికి వెళ్లిన 77 నిమిషాలకు గాని గదిలోకి అడుగు పెట్టలేదు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. తాళంచెవుల కోసం అంతసేపు వెతికిన ఆ తలుపుకు అసలు తాళమే పడి ఉండకపోవచ్చని తర్వాతి విచారణల్లో తేలింది. దీనికి పూర్తి విరుద్ధంగా, 2023 మార్చి 27న నాష్‌విల్‌లోని ఒక పాఠశాలలో మొదటి ఫోను వచ్చిన సుమారు 14 నిమిషాల్లో పోలీసులు గదులు దాటుకుంటూ పై అంతస్తు చేరి దుండగురాలిని కాల్చారు. అదే ఏడాది మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో వేరే పని మీద అక్కడే ఉన్న ఒకే ఒక్క పోలీసు అధికారి చప్పుడు వైపు పరుగెత్తి సుమారు నాలుగు నిమిషాల్లో కాల్పులు ఆపగలిగాడు. అప్పటికే ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి, వారిలో ఒక తెలుగు యువతి కూడా ఉన్నారు.

ఆ మొదటి పోలీసు గాయపడినవారి దగ్గర ఆగడు, పిలిచినా పలకడు. ఇది కఠినంగా కనిపిస్తుంది, కానీ అతను ఆగితే అవతల మరో గదిలో మరికొందరు పడిపోతారు. అతను మీకు ఎదురైతే నడక ఆపి, చేతులు పైకెత్తి, వేళ్లు విడదీసి చూపండి. అరవకండి, అతన్ని పట్టుకోకండి, కాల్పులు ఎటు జరుగుతున్నాయో ఒక్క ముక్కలో చెప్పండి. నేల మీద పడుకోమంటే పడుకోండి, వెళ్లమంటే అతను వచ్చిన దారినే వెళ్లండి, ఎందుకంటే ఆ దారిని అతను ఇప్పుడే దాటి వచ్చాడు. మా ఆఫీసు డ్రిల్లులో నేను రెండు చేతులూ ఎత్తాననే అనుకున్నాను. శిక్షకుడు నా దగ్గర ఆగి, ‘‘కుడి చేతిలో అదేమిటి?’’ అన్నాడు. నల్లటి కవరు వేసిన ఫోను. మసక వెలుతురులో పది అడుగుల దూరం నుంచి అది ఏమిటో తానూ చెప్పలేనన్నాడు.

మీరు గదిలో తలుపు వేసుకుని ఉంటే, బయట నుంచి ఎవరైనా ‘‘పోలీస్’’ అన్నంత మాత్రాన తెరవాల్సిన పని లేదు. నిజమైన పోలీసులైతే తాళంచెవితోనో, తలుపు పగలగొట్టో వాళ్లే లోపలికి వస్తారు. అనుమానంగా ఉంటే 911కు ఫోను చేసి అడగండి.

గాయపడినవారి వంతు

వెనక వచ్చే రెండో బృందంలో పోలీసుల రక్షణ మధ్య పారామెడిక్‌లు ఉంటారు. కాల్పులు జరుగుతున్న భాగంలోకి వారు రారు, పోలీసులు దాటి వచ్చిన భాగంలోకి వచ్చి గాయపడినవారిని మోసుకుపోతారు. వారు వచ్చేలోగా రక్తస్రావం ఆపగలిగేది పక్కనున్న మనిషే. గాయం చేతికో కాలికో అయితే దానికి పైన, గుండె వైపు, టూర్నికెట్ (రక్తం ఆగేలా బిగించి కట్టే పట్టీ) బిగించాలి. టూర్నికెట్ లేకపోతే శుభ్రమైన గుడ్డను గాయంలోకి కూరి, రెండు చేతులతో బరువంతా మోపి నొక్కి పట్టుకోవాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. 2015లో మొదలైన ‘స్టాప్ ది బ్లీడ్’ తరగతుల్లో ఇదంతా చేయించి మరీ నేర్పిస్తారు. వీడియో చూడటానికి, చేత్తో నొక్కి చూడటానికి చాలా తేడా ఉంది.

బయటికి వచ్చాక

బయటికి వచ్చినవారిని వెంటనే ఇంటికి పంపరు. చేతులు పైకెత్తించి నడిపిస్తారు, ఒళ్లు తడుముతారు, పేర్లు రాసుకుంటారు. దుండగుడు జనంలో కలిసి జారుకోవచ్చు గనుక ఇది అందరికీ వర్తిస్తుంది, అవమానంగా భావించవద్దు. పార్కింగ్‌లోని కారు ఆ రోజు చేతికి రాకపోవచ్చు.

పిల్లల బడి విషయంలో తల్లిదండ్రులు గేటు దగ్గరికి పరుగెత్తితే అంబులెన్సుల దారి మూసుకుపోతుంది. పిల్లలను వేరే చోటికి, చర్చికో మరో బడికో తరలించి, ఆ చిరునామాను మెసేజ్ ద్వారా పంపుతారు. అక్కడ ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి, మనం బడికి రాసిచ్చిన అత్యవసర ఫారంలో పేరున్న పెద్దలకే పిల్లలను అప్పగిస్తారు. మనవాళ్లలో చాలామంది ఆ ఫారంలో అమ్మ, నాన్న పేర్లు రాసి ఊరుకుంటారు. ఇద్దరూ నలభై మైళ్ల దూరంలో ఆఫీసుల్లో ఉన్న రోజున ఆ బిడ్డను తీసుకురావడానికి ఎవరూ ఉండరు. బడి పక్క వీధిలో ఉండే స్నేహితుల పేరు, ఫోను నంబరు ఈ వారమే ఆ ఫారంలో చేర్చి, ఆ సంగతి వారికీ చెప్పి పెట్టండి.