సినిమాకు కొనసాగింపుగా పుట్టి త్వరగా ఆగిపోయిన సీరియల్‌ను నలుగురూ కూర్చుని చూసే పద్ధతి

బాగా ఆడిన సినిమా ఆధారంగా తీసిన టీవీ సీరియల్ కొన్ని వారాలకే ఎందుకు ఆగిపోతుందో చర్చించాలని చెన్నైలోని తెలుగు మిత్రులు అనుకుంటే, 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్'తో మొదలుపెట్టడం మంచిది. మాట్లాడే వానరాలు మనుషులను ఏలే లోకం గురించి 1968లో వచ్చిన ఆ సినిమాకు నాలుగు కొనసాగింపులు వచ్చాయి. ఈ వరుసలోని సినిమాలను టీవీలో ప్రసారం చేసినప్పుడు ప్రేక్షకులు పెద్ద సంఖ్యలో చూశారన్న ధైర్యంతో అమెరికాలోని సీబీఎస్ సంస్థ 1974 సెప్టెంబరు 13న సీరియల్‌ను ప్రారంభించి, డిసెంబరులోనే ముగించింది. తీసినవి 14 భాగాలే కాబట్టి మధ్యలో వదిలేయకుండా అంతా చూడవచ్చు.

డిసెంబరులో మాత్రం ఈ కార్యక్రమం పెట్టుకోకండి. మైలాపూరు, టి.నగర్ సభలన్నీ సంగీత కచేరీలకు అంకితమై ఉంటాయి, మిత్రుల్లో సగం మంది అక్కడే ఉంటారు. మిగతా నెలల్లో వడపళనిలోనో సాలిగ్రామంలోనో ఎవరి అపార్ట్‌మెంటు హాలైనా సరిపోతుంది. సినిమాను ఒక ఆదివారం, సీరియల్‌ను తరువాతి ఆదివారాల్లో చూడండి. సినిమా ముగింపు తెలిసినవారు కొత్తవారికి చెప్పకుండా జాగ్రత్తపడాలి, ఎందుకంటే చర్చంతా ఆ ముగింపు మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి భాగం చూస్తున్నప్పుడు మారినదేమిటో రాసుకోమనండి. సినిమాలోని ఆ లోకపు మనుషులకు మాట రాదు, సీరియల్‌లో అందరూ మాట్లాడతారు. వారం వారం కొత్త ఊరు, కొత్త మనుషులు కావాలంటే వారికి మాట ఉండక తప్పదు, కానీ దానితో సినిమాలోని భయం చాలావరకు పోయిందని నా అభిప్రాయం. ఇద్దరు వ్యోమగాములు, వారికి తోడుగా గేలెన్ అనే చింపాంజీ (సినిమాలో కొర్నేలియస్‌గా నటించిన రాడీ మెక్‌డవలే ఈ పాత్ర వేశారు), వెంటపడే గొరిల్లా సేనాని ఉర్కో: కథ ఇంతే. పారిపోవడం, ఒక ఊరిలో ఆగడం, ఎవరికో సాయం చేయడం, మళ్లీ పారిపోవడం.

ఈ లోపాన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మధ్యలోని రెండు భాగాలను, ఎవరికీ చెప్పకుండా, వరుస మార్చి వేయండి. ఎవరూ గుర్తించకపోతే జబ్బు దొరికినట్టే. మన ఇళ్లలో ఏళ్ల తరబడి సాగే డైలీ సీరియల్‌కు ఇలా చేస్తే అమ్మమ్మ వెంటనే పట్టేస్తుంది, ఎందుకంటే నిన్నటి సంఘటన లేకుండా ఇవాళ్టిది నిలవదు. సినిమా ఒకే ప్రశ్న వేసి చివరి దృశ్యంలో జవాబిచ్చింది. ఆ జవాబు తెలిసి వచ్చిన ప్రేక్షకుడికి సీరియల్ కొత్త ప్రశ్న వేయలేదు.

తప్పంతా కథకులదే అనడమూ న్యాయం కాదు. శుక్రవారం రాత్రి అదే సమయంలో పోటీ సంస్థ ఎన్‌బీసీలో 'శాన్‌ఫర్డ్ అండ్ సన్' అనే ప్రజాదరణ పొందిన హాస్య ధారావాహిక వచ్చేది. పైగా వానరాల మేకప్‌కు గంటలు పట్టేది, కాబట్టి వారం వారం ఒక భాగం తీయడం తేలిక కాదు.

సీరియల్ కథ ముగియకుండానే ఆగిపోతుందని మాత్రం మొదటి రోజే చెప్పేయండి. లేకపోతే ఆఖరి ఆదివారం అందరూ 15వ భాగం పెట్టమంటారు.