టెక్కెన్ 8 స్టోరీ మోడ్: కాంబోలు రాకపోయినా హాయిగా పూర్తి చేసుకోవచ్చు, ఇలా ఆడండి

మన దగ్గర టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్ పేరు చెప్పగానే చాలామందికి ఇప్పటికీ గుర్తొచ్చేది టెక్కెన్ 3 నే, గేమ్ షాపులో గంటకి ఇంత అని కట్టి ఎడ్డీ అనే ఫైటర్‌ని తీసుకుని కిక్ బటన్లు రెండూ దడదడా నొక్కేయడం, అవతలోడు ఏం జరుగుతుందో తెలిసేలోపు ఓడిపోవడం. ఆ తర్వాత చదువులు ఉద్యోగాలు పెళ్ళిళ్ళలో పడి గేములు పక్కనపెట్టేసి, ఇన్నేళ్ళకి ఇంట్లోకి పీఎస్5 వచ్చిందనో పీసీ కొన్నామనో టెక్కెన్ 8 వేసుకుంటే, ఆన్‌లైన్‌లో అడుగుపెట్టగానే గాల్లోంచి కిందకి దిగనివ్వకుండా కొడుతున్నారు. అలాంటివాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఆన్‌లైన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు స్టోరీ మోడ్ ఆడండి. దానికి కాంబోలు, అంటే ఆగకుండా ఒకదాని వెంట ఒకటి తగిలించే దెబ్బల వరసలు, అక్కర్లేదు, గార్డ్ చెయ్యడం, అంటే దెబ్బ ఆపడం వచ్చి ఒక మూడు దెబ్బలు తెలిస్తే చాలు, నిజంగా అంతే.

గేమ్ 2024 జనవరి 26న వచ్చింది, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఎస్, పీసీ, ఈ మూడే, పీఎస్4 కి లేదు. పీసీలో 100 జీబీ ఖాళీ ఉండాలి కాబట్టి మొబైల్ డేటా మీద డౌన్‌లోడ్ పెట్టకండి, వైఫై ఉన్నచోట రాత్రిపూట పెట్టి పడుకోండి. కొనాలా వద్దా అని డౌట్ ఉంటే దీనికి ఫ్రీ డెమో రిలీజ్ చేశారు, అందులో స్టోరీ మొదటి చాప్టర్ ఉంది, అది ఆడి చూస్తే మీకు నచ్చేదీ లేనిదీ తెలిసిపోతుంది. పీఎస్4 వాళ్ళకి టెక్కెన్ 7 ఉంది కదా, దాని గురించి చివర్లో చెప్తా.

ఆడేముందు కథ కొంచెం తెలిసుంటే చాలా బాగుంటుంది, ఎందుకంటే ఈ గేమ్ మొత్తం ఒకే ఇంట్లో తండ్రీకొడుకుల గొడవ. తాత హేయ్‌హాచి, కొడుకు కజుయా, మనవడు జిన్. కజుయా చిన్నప్పుడే హేయ్‌హాచి అతన్ని కొండ మీంచి లోయలోకి విసిరేశాడు, ఆ పగ అక్కడ మొదలైంది. టెక్కెన్ 3 లో మనం మొదటిసారి చూసిన జిన్ ఈ కజుయాకీ జున్ కజామా అనే ఆవిడకీ పుట్టినవాడు. ఆ గేమ్ చివర్లో తాతే జిన్‌ని కాల్చి పడేస్తాడు, అందరూ ఆ ఎండింగ్ చూసే ఉంటారు. టెక్కెన్ 6 కి వచ్చేసరికి ఈ జిన్ నే ప్రపంచ యుద్ధం మొదలుపెట్టాడు, అందుకే 8 లో అతను చేసినదానికి బాధపడుతూ కనిపిస్తాడు, ఈ ముక్క తెలియకపోతే ఇతనెందుకు ఎప్పుడూ మొహం వేలాడేసుకుని ఉంటాడు అనిపిస్తుంది. టెక్కెన్ 7 లో కజుయా హేయ్‌హాచిని లావాలోకి తోసేశాడు. ఇప్పుడు 8 లో జీ కార్పొరేషన్ అనే పెద్ద కంపెనీని చేతిలో పెట్టుకుని కజుయా ప్రపంచం మీద పడ్డాడు, ఆపాల్సింది కొడుకు జిన్. వీళ్ళతోపాటు లార్స్ అని ఒకతను ఉంటాడు, అతను హేయ్‌హాచికి ఇంకో కొడుకు, అంటే జిన్‌కి బాబాయి వరస, ఇతనే యుగ్‌డ్రసిల్ అనే సైన్యాన్ని నడిపిస్తాడు. లీ అని తెల్లజుట్టతను హేయ్‌హాచి పెంపుడు కొడుకు. ఇంతవరకు గుర్తుంటే చాలు, మిగతాది గేమే చెప్తుంది.

ఇంకోటి, సబ్‌టైటిల్స్ తప్పకుండా ఆన్ చేసుకోండి. ఇందులో ఎవరి భాష వాళ్ళు మాట్లాడతారు, జిన్ కజుయా జపనీస్, పాల్ ఇంగ్లీష్, క్లాడియో ఇటాలియన్, విక్టర్ ఫ్రెంచ్, అజుసేనా స్పానిష్, ఒకళ్ళు జపనీస్‌లో అడిగితే ఇంకొకళ్ళు ఫ్రెంచ్‌లో జవాబిస్తారు, అందరికీ అందరూ అర్థమైపోతారు! నాకు ఈ గేమ్‌లో బాగా ఇష్టమైన సంగతుల్లో ఇదొకటి, మొత్తం ఇంగ్లీష్‌లోకి మార్చేయకుండా ఎవరి గొంతు వాళ్ళకి ఉంచారు.

సరే ఆటలోకి వద్దాం. స్టోరీ మొదలుపెట్టేటప్పుడు డిఫికల్టీ అడుగుతుంది, ఈజీ పెట్టుకోండి, మొహమాటపడకండి. మీరు ఇక్కడికి వచ్చింది కథ చూడ్డానికి, ప్రతి ఫైట్‌కీ పదిసార్లు రీట్రై కొట్టుకుంటూ కూర్చుంటే కథ ఊపు మొత్తం పోతుంది. మొత్తం 15 చాప్టర్లు, కట్‌సీన్లతో (మధ్యలో వచ్చే సినిమా సీన్లు) కలిపి మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది, అంటే దాదాపు ఒక పెద్ద సినిమా చూసినట్టే, శనివారం సాయంత్రం మొదలుపెడితే భోజనాల టైమ్‌కి ఎక్కువభాగం లాగించేయొచ్చు.

ఇప్పుడు అసలు విషయం, స్పెషల్ స్టైల్. ఫైట్ మధ్యలో ఎల్1 (నేను చెప్పే బటన్ల పేర్లన్నీ పీఎస్ కంట్రోలర్‌వి) నొక్కితే కంట్రోల్స్ మారిపోతాయి, ఒక్కో బటన్‌కి ఒక్కో రెడీమేడ్ మూవ్ వచ్చేస్తుంది, ఏ బటన్‌కి ఏది వస్తుందో స్క్రీన్ మీదే కనిపిస్తూ ఉంటుంది. ఒకే బటన్ మళ్ళీమళ్ళీ నొక్కితే అవతలివాడిని గాల్లోకి లేపి కింద పడేలోపు కొట్టే కాంబో కూడా అదే చేసేస్తుంది. మళ్ళీ ఎల్1 నొక్కితే మామూలు కంట్రోల్స్. కొంతమంది దీన్ని చీటింగ్ అన్నట్టు మాట్లాడతారు, నేను ఒప్పుకోను, గేమ్ చేసినవాళ్ళే మొదటిసారి ఆడేవాళ్ళ కోసం పెట్టిన బటన్ అది, వాడుకోండి. నా సలహా ఏంటంటే మొదటి రెండు మూడు చాప్టర్లు మామూలు కంట్రోల్స్‌తో ప్రయత్నించండి, చేతికి కాస్త పట్టు వస్తుంది, తర్వాత హెల్త్ తగ్గి కంగారు పుట్టినప్పుడల్లా ఎల్1 లోకి వెళ్ళండి. స్టోరీలో ఎక్కువసేపు జిన్ చేతికొచ్చినా మధ్యలో వేరే క్యారెక్టర్లు కూడా వస్తారు, వాళ్ళ మూవ్స్ మీకు ఒక్కటీ తెలియవు, అలాంటప్పుడు స్పెషల్ స్టైల్ దేవుడిలా ఆదుకుంటుంది.

గార్డ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఓడిపోయేవాళ్ళలో చాలామంది ఓడిపోయేది కొట్టడం రాక కాదు, ఆపడం రాక. టెక్కెన్‌లో గార్డ్‌కి ప్రత్యేకంగా బటన్ లేదు, అవతలివాడికి దూరంగా, మీ వెనక వైపుకి బాణం పట్టుకుంటే చాలు. నిలబడి వెనక్కి పట్టుకుంటే తల ఎత్తులో వచ్చేవీ నడుం ఎత్తులో వచ్చేవీ రెండూ ఆగుతాయి, కాళ్ళకి వచ్చేవి మాత్రం తగులుతాయి. కిందకి వెనక్కి కలిపి పట్టుకుని కూర్చుంటే కాళ్ళ దెబ్బలు ఆగుతాయి, తల దెబ్బలు పైనుంచి పోతాయి, కానీ నడుం ఎత్తు దెబ్బ గట్టిగా తగులుతుంది, గాల్లోకి లేపే దెబ్బలు ఎక్కువగా ఆ ఎత్తులోనే ఉంటాయి. కాబట్టి లెక్క చాలా సింపుల్, ఎప్పుడూ నిలబడే గార్డ్ చెయ్యండి, కాళ్ళకి ఒకటీ అరా తగిలినా పర్లేదు, వాటితో పోయే హెల్త్ తక్కువ. అదేపనిగా కూర్చుని ఉన్నారంటే మాత్రం ఒక్క దెబ్బకి గాల్లోకి లేచి సగం హెల్త్ పోతుంది.

దెబ్బలు తింటున్నప్పుడు బటన్లు నొక్కకండి. ఇది చెప్పడం ఈజీ, చెయ్యడం కష్టం, చేతులు వాటంతటవే నొక్కేస్తాయి. అవతలివాడు వరసగా కొడుతున్నప్పుడు వెనక్కి పట్టుకుని ఆగండి, వాడి వరస అయిపోగానే చిన్న గ్యాప్ వస్తుంది, అప్పుడు మీరు కొట్టండి. ఏం కొట్టాలి అంటే స్క్వేర్, వెంటనే ట్రయాంగిల్, రెండు చిన్న గుద్దులు, ఇది దాదాపు అన్ని క్యారెక్టర్లకీ చాలా ఫాస్ట్‌గా వచ్చే దెబ్బ. రెండోది ముందుకి కిందకి కలిపి పట్టుకుని స్క్వేర్, ఇది నడుం ఎత్తు గుద్దు, కూర్చున్నవాడికి తగులుతుంది. మూడోది కిందకి పట్టుకుని ఎక్స్ లేదా సర్కిల్, కాళ్ళకి. ఈ మూడూ మార్చి మార్చి వాడుతూ ఉంటే ఈజీలో కంప్యూటర్ తట్టుకోలేదు. గంటలు గంటలు మూవ్ లిస్ట్ బట్టీ పట్టాల్సిన పనిలేదు, చేతికి దొరికిన క్యారెక్టర్‌లో చూడ్డానికి బాగున్న ఇంకో రెండు మూవ్స్ పాజ్ చేసి చూసుకుంటే చాలు.

హీట్ అనేది 8 లో కొత్తగా వచ్చింది, రౌండ్‌కి ఒక్కసారి. డిఫాల్ట్ కంట్రోల్స్‌లో ఆర్1 నొక్కితే ఒంటి చుట్టూ నీలం వెలుగు వచ్చి 10 సెకన్ల టైమర్ మొదలవుతుంది, ఆ టైమ్‌లో అవతలివాడు గార్డ్ చేసినా కొంచెం కొంచెం హెల్త్ తగ్గుతుంది. మళ్ళీ ఆర్1 నొక్కితే హీట్ స్మాష్ అని ఒక పెద్ద దెబ్బ వచ్చి హీట్ అయిపోతుంది. చాలామంది దీన్ని చివరిదాకా దాచుకుని వాడకుండానే ఓడిపోతారు, దాచుకోకండి, రౌండ్ సగానికి రాకముందే వాడేయండి, వచ్చే రౌండ్‌కి మళ్ళీ వస్తుంది. మీ హెల్త్ బార్‌లో పోయినదాంట్లో కొంత భాగం రంగు మారి మిగిలి ఉంటుంది చూడండి, అది మీరు ఎదురు కొడితే తిరిగి వచ్చే హెల్త్, అందుకే ఈ గేమ్‌లో మూలకి వెళ్ళి దాక్కున్నవాడి కన్నా కొట్టేవాడికే లాభం.

రేజ్ ఆర్ట్ సంగతి వేరు, హెల్త్ బాగా తగ్గాక ఒళ్ళంతా ఎర్రగా మండినట్టు కనిపిస్తుంది, అప్పుడు ఆర్2 నొక్కితే సినిమా లెవెల్లో ఒక దెబ్బ వస్తుంది. దూరం నుంచి నొక్కితే గాల్లో పోతుంది, గార్డ్ చేస్తున్నవాడి మీద వాడితే తిరిగి మీకే పడుతుంది, వాడు దెబ్బ మొదలుపెట్టడం చూసి దగ్గర్లో నొక్కండి, అటువైపు దెబ్బ తిని కూడా మీది తగులుతుంది. కంప్యూటర్ కూడా ఇదే వాడుతుంది, వాడి హెల్త్ తగ్గి ఎర్రబడగానే ఆవేశంగా మీద పడిపోకుండా కొట్టి ఆగి గార్డ్, కొట్టి ఆగి గార్డ్, అలా వెళ్ళండి.

కింద పడినప్పుడు తొందరపడి కిక్ కొడుతూ లేవకండి, ప్రతిసారీ అలాగే లేస్తే వాడు గార్డ్ చేసి మళ్ళీ కొడతాడు. ఒకసారి వెనక్కి బాణం పట్టుకుని దొర్లి దూరంగా లేవండి, ఒకసారి పక్కకి దొర్లండి. కజుయా డెవిల్‌గా మారి లేజర్ వదులుతాడు, అది ఎదురుగా నిలబడి చూస్తూ ఉండే విషయం కాదు, పై బాణం గానీ కింద బాణం గానీ ఒక్కసారి తట్టి వదిలితే పక్కకి జరుగుతారు, అది అలవాటు చేసుకోండి.

కట్‌సీన్ వచ్చింది కదా అని కంట్రోలర్ పక్కన పెట్టి బజ్జీలు తినడం మొదలుపెట్టొద్దు, మధ్యమధ్యలో బటన్ నొక్కమని స్క్రీన్ మీద వస్తుంది. సీన్ మంచి ఊపులో ఉన్నప్పుడే ఎక్కువగా వస్తాయి ఇవి.

కథలో ఒకచోట పెద్ద యుద్ధం వస్తుంది, అక్కడ ఒక్కరితో ఒక్కరు కాకుండా గుంపు మీదకి వదిలేస్తారు, టెక్కెన్ 3 లో టెక్కెన్ ఫోర్స్ మోడ్ ఆడినవాళ్ళకి ఆ ఫీల్ వెంటనే తెలుస్తుంది. అక్కడ ఒక్కడి మీదే నిలబడకండి, వెనకనుంచి కొట్టేస్తారు, కొంచెం కొట్టి జరిగి అందర్నీ ఒకవైపుకి తెచ్చుకోండి.

చివరి చాప్టర్ గురించి కథ చెప్పను, జిన్ కజుయా ఎదురెదురుగా నిలబడతారని మాత్రం మీకే తెలుసు. ఇది మామూలు మూడు రౌండ్ల ఫైట్ కాదు, చాలా పెద్దది, మధ్యలో రూపాలు మారతాయి, రూపం మారితే మూవ్స్ కూడా మారతాయి, అప్పటిదాకా పని చేసిన దెబ్బ నొక్కితే ఇంకేదో వస్తుంది. కంగారుపడకుండా పాజ్ చేసి మూవ్ లిస్ట్ ఒకసారి చూసుకోండి లేదా ఎల్1 నొక్కేసుకోండి. దీనికి టైమ్ ఉంచుకుని కూర్చోండి, పడుకునేముందు ఒక చాప్టర్ అనుకుని మొదలుపెడితే మాత్రం మధ్యలో ఆపబుద్ధి కాదు. ఈ తండ్రీకొడుకుల కథని చిన్నప్పట్నుంచి చూసినవాళ్ళు ఆ చాప్టర్ సౌండ్ పెంచుకుని చూడాలి, అది నా గట్టి మాట.

పీఎస్4 వాళ్ళ కోసం, టెక్కెన్ 7 స్టోరీ కూడా ఇలాగే ఆడొచ్చు, అక్కడ స్పెషల్ స్టైల్ బదులు స్టోరీ అసిస్ట్ ఉంటుంది, ఎల్1 పట్టుకుని ఒక బటన్ నొక్కితే మంచి మూవ్ వస్తుంది. కథ 8 కన్నా నెమ్మది, ఒక జర్నలిస్ట్ చెప్తున్నట్టు నడుస్తుంది. స్ట్రీట్ ఫైటర్ నుంచి వచ్చిన అకుమాతో ఫైట్లు మాత్రం కష్టం, వాడు దూరం నుంచి నిప్పు ముద్దలు విసురుతూ ఉంటాడు, పక్కకి జరుగుతూ దగ్గరికి వెళ్ళి చిన్న గుద్దులతోనే పని కానివ్వండి, దూరంగా ఉండి ఆడితే గెలవలేరు.

8 లో మెయిన్ స్టోరీ అయ్యాక క్యారెక్టర్ ఎపిసోడ్స్ వదలకండి. గేమ్‌తో వచ్చిన 32 మందికీ ఒక్కొక్కరికి ఐదు ఫైట్లు, చివర్లో ఒక ఎండింగ్, పావుగంటలో అయిపోతుంది, పిల్లలు పక్కనుంటే వాళ్ళకి కూడా ఒక కంట్రోలర్ ఇచ్చి ఫైట్‌కి ఒకళ్ళు చొప్పున మార్చుకోవచ్చు. కుమా అనే ఎలుగుబంటిదీ పాండాదీ ముందు ఆడండి, చిన్నపిల్లలు అవి రెండూ అయ్యాక ఇంకోటి పెట్టమంటారు. ఆటలో ఇంకాస్త మెరుగవ్వాలి అనిపిస్తే ఆ తర్వాత ఆర్కేడ్ క్వెస్ట్, అందులో ఒక బొమ్మని మీలా తయారు చేసుకుని ఆర్కేడ్‌లు తిరుగుతూ ఆడతారు, హీట్ నుంచి కాంబోల దాకా ఒక్కొక్కటిగా నేర్పిస్తుంది, ఆన్‌లైన్‌కి వెళ్ళేది అది పూర్తి చేశాకే.